బోణీ చాయ్

హమీద్ మేస్త్రీకి కుళ్లు పుట్టింది. ఇది చాటున చెప్పుకోవలసిన సంగతేమీ కాదు. మెదక్‌లో రామాయంపేట రోడ్డు మీద పంక్చర్లు వేసేవాడికి తెలుసు, పాత టైర్లు కొనేవాడికి తెలుసు, చాయ్ హోటల్ చంద్రకాంత్‌కు మరీ బాగా తెలుసు. ఎవరికీ తెలియదని ధీమాగా తిరుగుతున్నది హమీద్ ఒక్కడే.

ఆ కుళ్లు ఎవరి మీద? రోడ్డుకు అటు పక్క షెడ్డులో ఉన్న జకరయ్య మీద. పగవాడా అంటే కాదు, ముప్పై ఏళ్ల దోస్తు. అదేగా అసలు బాధ! ముక్కూ మొహం తెలియనివాడు బాగుపడితే మనకేం పోయింది? ఎవడి నసీబు వాడిదని ఊరుకుంటాం. మనతో ఒకే పళ్లెంలో తిన్నవాడు ఒక మెట్టు పైకెక్కాడా, అప్పుడు చూడాలి కడుపులో మంట!

ఇద్దరూ ఖాజా ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నారు. ఆయన ఇప్పుడు లేడు. అంబాసిడర్ల కాలం నుంచి పద్దెనిమిదేళ్లు ఒకే షెడ్డులో, ఒకే బానెట్ కింద తలకాయలు దూర్చి పనిచేశారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు సగం షెడ్డు పోయింది. మిగిలిన సగంలో ఇద్దరికీ చోటు చాలక జకరయ్య ఎదురుగా ఒక షెడ్డు కిరాయికి తీసుకున్నాడు. అంతే, పోట్లాట లేదు, పంచాయితీ లేదు.

ఉస్తాద్ కాలం నుంచి వాళ్లకొక అలవాటు ఉండేది. పొద్దున ఎవరు మొదటి బానెట్ ఎత్తితే వాళ్లు రెండో వాడికి చాయ్ పోయించాలి. షెడ్లు రెండైనా, నడిమధ్య లారీలు తిరిగే రోడ్డు వచ్చి పడినా, ఆ అలవాటు మాత్రం చెడలేదు. ఎవరికి ముందు బోణీ అయితే వాళ్ల పేరు మీద చంద్రకాంత్ ఒక గ్లాసు రోడ్డు దాటించేవాడు. ఒకనాడు ఇటు నుంచి అటు, మరునాడు అటు నుంచి ఇటు. అటు నుంచి వచ్చిన చాయ్ ఎప్పుడూ ఇంకాస్త రుచిగానే ఉండేది.

ఇక హమీద్ పనితనం మాట. వాడికి చెవే సర్వస్వం. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనిస్తాడు, పిడి చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంటాడు. కాసేపటికి, "రెండో సిలిండర్. వాల్వు గ్యాప్ ఎక్కువున్నది" అంటాడు. విప్పి చూస్తే సరిగ్గా అదే! నర్సాపూర్ నుంచి, ఎల్దుర్తి నుంచి బండ్లు వేసుకుని హమీద్ చెవి కోసం వచ్చేవాళ్లు. జకరయ్య కూడా తనకు తెగని బండి వస్తే నోరు విప్పి, "మా హమీద్ భాయ్ చెవి పెడితే తేలుతది, పోండ్రి" అని పంపేవాడు.

అలాంటి జకరయ్య రెండేళ్ల కిందట హైదరాబాద్ వెళ్లి పదిహేను రోజులు ఏదో ట్రైనింగ్ అయ్యి వచ్చాడు. వస్తూ వస్తూ వేలంత సన్నని తీగ చివర కెమెరా ఒకటి, పెద్ద పీపాలాంటి మిషన్ ఒకటి తెచ్చాడు. ఆ మిషన్లో అక్రోట్ కాయల పెంకుల పొడి పోసి, కంప్రెసర్ గాలితో వాల్వుల మీదికి కొడితే, పట్టిన మసి అంతా రాలిపోతుందట. పెంకు మెత్తన కాబట్టి ఇనుముకు గీత పడదట. షెడ్డు మీద ఈ మూల నుంచి ఆ మూల దాకా ఫ్లెక్సీ కట్టించాడు. దాని మీద తెల్ల చొక్కాలో చేతులు కట్టుకుని జకరయ్య ఫోటో!

"అరే, ఇంజన్లకు అక్రోట్లు తినిపిస్తున్నడు! రేపు బాదం, కిస్మిస్ గూడ పెడతడేమో. ఆ పైన ఇంజన్‌కు లగ్గం చేస్తడు!" అని హమీద్ హోటల్ ముందు నిలబడి నవ్వాడు. అందరూ నవ్వారు. నవ్వినవాళ్లే సాయంత్రానికి తమ బండ్లు అటు తీసుకుపోయారు.

అప్పటి నుంచి చాయ్ ఒకే వైపు నడుస్తోంది. ఎనిమిదిన్నర కాకముందే అటు బానెట్ లేస్తుంది, ఇటు గ్లాసు వస్తుంది. హమీద్ మొదట తాగేవాడు. తరువాత సగం తాగి వదిలేసేవాడు. ఈ చలికాలం వచ్చేసరికి చంద్రకాంత్ అటు తిరగ్గానే మోరీలో పారబోయడం మొదలుపెట్టాడు. దోస్తు పంపిన చాయ్ మోరీలో పోయడమేమిటి, బుద్ధుందా? లేదు. కుళ్లు పుట్టిన చోట బుద్ధి నిలుస్తుందా!

ఇంట్లో భార్య సాబెరా కనిపెట్టేసింది. "మెహక్ కే అబ్బా, మీరు నిద్రల గూడ జకరయ్య జకరయ్య అంటున్నరు. నా పేరు ఒక్కసారన్న అన్నరా ముప్పై ఏండ్లల్ల?" అని కూతురి పేరుతో పిలిచి ఆటపట్టించింది. హమీద్‌కు నవ్వు రాలేదు.

పోయినవన్నీ పోగా హమీద్‌కు ఒక కొండంత ఆసరా మిగిలింది. ఎల్దుర్తి అమరేందర్ పటేల్ ఇంటి బండి. అమరేందర్‌కు వరి పొలాలున్నాయి, విత్తనాల దుకాణం ఉంది, నాలుగూళ్లలో మాట చెల్లుతుంది. వాళ్ల నాయన జీపు నుంచి మొదలుపెట్టి ఇప్పటి కొత్త టర్బో పెట్రోల్ కారు దాకా ఆ ఇంటి బండి మీద హమీద్ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. అమరేందర్ తల్లి పద్మమ్మ అయితే, "హమీద్ చూస్తేనే నేను బండెక్కుత" అని తెగేసి చెప్పే మనిషి. ఆ ఒక్క బండి తన షెడ్డు ముందు ఆగినంతకాలం హమీద్ ఉస్తాదే. ఊరు ఏమన్నా అనుకోనీ, వాడికి ఆ లెక్క చాలు.

ఆ బండికే జబ్బు చేసింది. పొద్దున స్టార్ట్ చేస్తే గడగడ వణకడం, గేరు మార్చితే పికప్ లేకపోవడం. "చలిజరం వచ్చినట్టు వణుకుతున్నది బిడ్డా, లోపల కూసుంటే నా పండ్లు గూడ టకటక కొట్టుకుంటున్నయి" అంది పద్మమ్మ.

హమీద్ స్క్రూడ్రైవర్ చెవికి పెట్టాడు. "మూడో సిలిండర్" అన్నాడు. ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. ప్లగ్గు మార్చాడు, కాయిల్ మార్చాడు. పెట్రోల్ ట్యాంకులో మసి కరిగించే మందు సీసా ఒకటి పోశాడు. పాత బండ్లకు ఉస్తాద్ నేర్పిన వైద్యమే అది, ఏనాడూ తప్పలేదు. పది రోజులు బండి బాగా నడిచింది. పదకొండో రోజు మళ్లీ వణుకు. ఈసారి రెండు సీసాలు పోశాడు. మళ్లీ వారం రోజులు, మళ్లీ వణుకు. మూడోసారి సీసా మూత తిప్పుతుంటే అమరేందర్ మెల్లగా, "హమీద్ భాయ్, ఏమనుకోకు. ఒక్కసారి జకరయ్య కెమెరాతోని చూపిస్త" అన్నాడు.

"చూపించుండ్రి పటేలా, అండ్ల ఏమున్నది" అన్నాడు హమీద్. పైకి అన్నాడు. చేతిలోని సీసా మూత మళ్లీ గట్టిగా బిగించాడు.

కెమెరా లోపలికి పోయింది. ఫోన్‌లో బొమ్మ కనిపించింది. వాల్వు వెనక బొగ్గు పెచ్చులు, గాలి పోయే దారి సగం మూసుకుపోయేంత. నలుగురు చేరారు. హమీద్ తన షెడ్డు గుమ్మంలో ఊరికే బోల్టులు ఏరుతూ చెవులు అటే పారేశాడు. జకరయ్య అమరేందర్‌కు చెబుతున్నాడు.

"పాత బండ్లల్ల పెట్రోల్ వాల్వు మీద పడి లోపలికి పోతుండె పటేలా. అందుకే పెట్రోల్ల మందు కలిపితే వాల్వు గూడ కడుక్కపోతుండె. గీ కొత్త బండ్లల్ల పెట్రోల్ సక్కగ సిలిండర్లనే పడుతది. వాల్వుకు ఒక్క చుక్క తగలదు. దాని మీదికెల్లి గాలి, ఇంజన్ ఆయిల్ ఆవిరి, గంతే పోతయి. ఆ ఆయిల్ వేడికి మాడి మాడి గిట్ల గట్టి పడుతది. ఇంగ ట్యాంకుల ఎన్ని సీసాలు పోస్తే ఏం ఫాయిదా? వెనక పెరట్ల నీళ్లు చల్లితే ముందటి వాకిలి కడిగినట్టయితదా?"

జకరయ్య ఆ మాట హమీద్‌ను ఉద్దేశించి అనలేదు. పాపం, హమీద్ సీసాలు పోసిన సంగతి వాడికి తెలియనే తెలియదు. అమరేందర్ మాత్రం గట్టిగా నవ్వి, "మా హమీద్ భాయ్ నెల సంది పెరట్లనే చల్లుతున్నడు!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. జకరయ్య ఒక్కడే నవ్వలేదు. రోడ్డుకు ఇటు చూసి, చప్పున తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడం హమీద్‌కు నవ్వుల కంటే ఎక్కువ గుచ్చుకుంది. జాలిపడతాడా? వాడు నా మీద జాలిపడతాడా!

మరునాడు పొద్దున్నే మసి తీసే పని పెట్టుకున్నారు. డిసెంబరు చలి. జకరయ్య షెడ్డు ముందు క్రిస్మస్ నక్షత్రం వేలాడుతోంది. దాని కింద పటేల్ బండి, బానెట్ ఎత్తి ఉంది. ఆ పూట ఆలస్యంగా వచ్చిన చంద్రకాంత్ గ్లాసు తెచ్చి హమీద్ చేతిలో పెట్టి, "ఇయ్యాల బోణీ పటేల్ బండి, హమీద్ భాయ్" అన్నాడు. చెప్పకపోతే తెలియదా వాడికి? చెప్పకుండా ఉంటే చంద్రకాంత్ ఎలా అవుతాడు!

ఆ రోజు చాయ్ మోరీలో పోయలేదు. తాగలేదు కూడా. గ్లాసు తిరిగి ఇచ్చే వంక పెట్టుకుని, నిండు గ్లాసుతోనే రోడ్డు దాటాడు. చూడకుండా ఉండలేకపోయాడు. పంటి నొప్పి ఉన్నవాడు నాలుకతో ఆ పన్నునే తడుముకుంటూ ఉంటాడు చూశారా, అదీ సంగతి.

గాలి గొట్టం విప్పి పక్కన పెట్టారు. మొదటి రెండు సిలిండర్ల వాల్వులు అప్పటికే తెల్లగా మెరుస్తున్నాయి. కళ్లు చెదిరేంత శుభ్రం! తను సీసాలకు సీసాలు పోసినా రానిది, వాడు గంటలో తెచ్చాడు. ఈ పనిలో ఒకటే గండం ఉంది. ఏ సిలిండర్ మీద గాలి కొడతారో దాని వాల్వులు రెండూ పూర్తిగా మూసుకుని ఉండాలి. అందుకు ప్రతిసారీ ఇంజన్‌ను చేత్తో తిప్పి, టార్చి వేసి చూసుకోవాలి. వాల్వు వెంట్రుకంత తెరుచుకుని ఉన్నా పెంకు పొడి, బొగ్గు పెచ్చులు సిలిండర్లో పడతాయి. పడ్డాయా, పిస్టన్ నాలుగుసార్లు ఆడేసరికి లోపల గీతలు, ఇంజన్ చేతికి రాదు.

జకరయ్య మూడో సిలిండర్ కోసం ఇంజన్ తిప్పుతున్నాడు. అంతలో అమరేందర్ ఫోన్ పట్టుకుని, "జకరయ్యా, జర ఇటు చూడు, మా అమ్మకు వీడియోల చూపిస్త" అన్నాడు. ఫోన్లోంచి పద్మమ్మ ఏదో అడిగింది. జకరయ్య పానా పక్కన పెట్టి, నవ్వుతూ ఆమెకు జవాబు చెప్పాడు. చెప్పి, పానా మాట మరిచి, కంప్రెసర్ మీట నొక్కాడు. కంప్రెసర్ డబడబమంటూ గాలి నింపుకోవడం మొదలుపెట్టింది.

హమీద్ వంగి మూడో రంధ్రంలోకి చూశాడు. పొద్దుటి ఎండ ఏటవాలుగా లోపల పడుతోంది. రెండు వాల్వుల్లో ఒకదాని అంచున గోరంత చీకటి గీత. మూసుకోలేదు. ఇంకో పావు చుట్టు తిప్పాలి.

"ఏం చూస్తున్నవ్ భాయ్?" అన్నాడు జకరయ్య.

"ఏం లేదు" అన్నాడు హమీద్.

అని, వెనక్కి తిరిగి రోడ్డు దాటి తన షెడ్డులోకి వచ్చేశాడు.

వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఉంది, ఇవ్వడం మరిచిపోయాడు. కంప్రెసర్ నిండే చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. ఆ కంప్రెసర్ నిండడానికి ఎంతసేపు పడుతుందో వాడి చెవికి ఎప్పుడో తెలుసు. ఇంకో మూడు నిమిషాలు. అది ఆగిందంటే జకరయ్య పొడి కొట్టే గొట్టం అందుకుంటాడు. సాయంత్రానికి పటేల్ బండి ఇంజన్ పాడు. రేపటికి ఫ్లెక్సీ మీద తెల్ల చొక్కా మొహం చూసి ఊరు నవ్వుతుంది. పద్మమ్మ, "నేను ముందే చెప్పిన, హమీద్‌ను కాదంటే గిట్లనే అయితది" అంటుంది. బండి మళ్లీ ఇటే వస్తుంది. తను చేసిన తప్పేముంది? వాడి పని, వాడి కళ్లు. తను వేలు కూడా పెట్టలేదు. ఎంత తియ్యగా ఉంది ఆ ఊహ! ఖుదా సాక్షి, రెండేళ్లలో హమీద్‌కు అంత తియ్యని ఊహ రాలేదు.

ఎల్లుండి నుంచి బోణీ కూడా తనదే.

అక్కడ ఆగాడు. బోణీ తనదైతే చాయ్ తను పంపాలి. చంద్రకాంత్ గ్లాసు పట్టుకుని రోడ్డు దాటుతాడు. అటు షట్టరు దించి ఉంటుంది. ఏం చేయాలో తెలియక గ్లాసుతో వెనక్కి వస్తాడు. "జకరయ్య లేడు భాయ్" అంటాడు. ఆ చాయ్ తను ఎక్కడ పోసుకోవాలి? 

చేతిలోని గ్లాసు ఇంకా గోరువెచ్చగా ఉంది. పటేల్ బండి మీద బోణీ అయినా, ఆ బండి ఎవరిదో, ఎవరి గుండె మండుతుందో తెలిసి కూడా, జకరయ్య చాయ్ మానకుండా పంపాడు. హమీద్‌కు తన మీద తనకే రోత పుట్టింది. "థూ నీ బతుకు" అనుకున్నాడు.

కంప్రెసర్ ఆగింది.

చాయ్ ఒలికింది, స్టూలు పడింది, చెప్పు ఒకటి ఊడింది. ఒంటి చెప్పుతో హమీద్ రోడ్డు మీదికి ఉరికాడు. రామాయంపేట బస్సు డ్రైవరు బ్రేకు తొక్కి వాడి ఏడు తరాలనూ తిట్టాడు.

"ఆపు! అరే జకరయ్యా, ఆపు!"

జకరయ్య చేతిలో గొట్టం ఉంది, మూతి రంధ్రానికి ఆనించి ఉంది. వేలు ఇంకా నొక్కలేదు. అందరూ అటు తిరిగారు.

ఇప్పుడు ఒక్క మాట చాలు. వాల్వు తెరిచి పెట్టి కొడుతున్నావు అని నలుగురిలో అంటే చాలు, నిన్నటి నవ్వులకు బదులు తీరిపోతుంది. ఆ మాట హమీద్ నాలుక చివరి దాకా వచ్చింది. వచ్చిన మాటను మింగి, రొప్పుతూ, "మొన్న మూడో సిలిండర్‌ది వేరే తీరు చప్పుడు వినొచ్చింది నాకు. ఇంగో పావు చుట్టు తిప్పి కొట్టు" అన్నాడు.

"చప్పుడుకు, తిప్పుడుకు ఏం సంబంధం?" అన్నాడు అమరేందర్.

జకరయ్య గొట్టం తీసి, టార్చి వేసి వంగి చూశాడు. చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. లేచేసరికి వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. పానా అందుకుని పావు చుట్టు తిప్పాడు. రెండుసార్లు పానా జారింది.

అమరేందర్ ఫోన్ పట్టుకుని తల్లితో మాట్లాడుతూ అవతలికి నడిచాడు. అప్పుడు జకరయ్య గొంతు తగ్గించి అడిగాడు.

"ఇందాక వంగినప్పుడే చూసినవ్ గదా భాయ్?"

అబద్ధం చెప్పవచ్చు. చెప్పినా ఎవరు పట్టుకుంటారు? "చూసిన" అన్నాడు హమీద్.

"చూసి పోయినవ్."

"పోయిన."

జకరయ్య గొట్టం అందుకుని పనిలో పడ్డాడు. హమీద్ రోడ్డు దాటి, గుమ్మంలో ఊడిపడిన చెప్పు ఏరుకుని, షెడ్డులోకి పోయి, ఆ రోజంతా ఏ పనీ ముట్టుకోలేదు. ఇంట్లో సాబెరా అన్నం పెడుతూ, "ఏమైంది? జకరయ్య ఏమన్నడు?" అని అడిగింది. "ఏమనలే. ఏమన్న అంటే బాగుండు" అన్నాడు. ఈసారి ఆమె కూడా ఆటపట్టించలేదు.

మరునాడు ఎనిమిదిన్నర అయింది. చాయ్ రాలేదు. తొమ్మిదయింది. జకరయ్య షెడ్డు తెరిచే ఉంది, ముందు ఒక బండివాడు నిలబడి ఉన్నాడు. లోపల వాడు ఊరికే ఏదో తుడుచుకుంటున్నాడు. పాత చాయ్‌లన్నీ మోరీలో పోసిన మనిషి, ఇప్పుడు రాని చాయ్ కోసం మాటిమాటికీ రోడ్డు చూశాడు. తెగిపోయింది, తనే తెంపుకున్నాడు. ఉస్తాద్ కట్టిన ముప్పై ఏళ్ల ముడి అది. కళ్లలో నీళ్లు తిరిగితే చలిగాలి మీద నెపం పెట్టి తుడుచుకున్నాడు.

తొమ్మిదీ పావుకు ఎల్దుర్తి వైపు నుంచి పటేల్ బండి వచ్చింది. వణుకు లేదు, దగ్గు లేదు, జారుతున్నట్టు వచ్చి జకరయ్య షెడ్డు ముందు కాదు, సరిగ్గా హమీద్ షెడ్డు ముందు ఆగింది. వెనక సీట్లోంచి పద్మమ్మ దిగింది.

"చెవి పెట్టు హమీద్" అంది.

"నేనెందుకమ్మా? మసి తీసింది జకరయ్య గదా."

"జకరయ్యనే చెప్పిండు. రాత్రి ఫోన్ చేసిండు మా వానికి. కండ్లతోని చూసుడు నాది, చెవితోని చూసుడు హమీద్ భాయ్‌ది, ఆయన విని బాగున్నదంటేనే నా పని అయినట్టు, పొద్దున పోంగనే ముందుగాల ఆడనే బానెట్ ఎత్తుండ్రి అన్నడు."

హమీద్ బానెట్ ఎత్తాడు. స్క్రూడ్రైవర్ ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఒకటి, రెండు, నాలుగు, అన్నీ సరిగానే ఉన్నాయి. చివరికి మూడు. గీత లేదు, గరగర లేదు. ఉస్తాద్ బతికి ఉంటే భుజం తట్టేవాడు, అంత చక్కగా పలుకుతోంది. చాలాసేపు స్క్రూడ్రైవర్ తీయలేదు, కళ్లు తెరిస్తే పద్మమ్మ ఆ తడి చూస్తుందని.

"బాగున్నదా?"

"మస్తున్నదమ్మా. నిమ్మళంగ పోయిరాండ్రి."

బండి వెళ్లిపోయాక గాని వాడికి తట్టలేదు. మొదటి బానెట్ ఎత్తింది ఇవాళ తను. అటు తొమ్మిది దాటినా బండి చేర్చుకోకుండా, వచ్చిన బండివాణ్ని కూడా బయటే నిలబెట్టి, జకరయ్య ఊరికే తుడుచుకుంటూ ఎందుకు కూర్చున్నాడో అప్పుడు అర్థమైంది.

హమీద్ చంద్రకాంత్‌ను పిలవలేదు. తనే హోటల్‌కు పోయి గ్లాసు పట్టుకుని రోడ్డు దాటాడు. జకరయ్య అందుకుని, ఊది, ఒక గుక్క తాగి, "చక్కెర తక్కువైంది భాయ్" అన్నాడు.

హమీద్ అక్కడే డబ్బా మీద కూలబడ్డాడు. ఏడుపు వస్తోంది, నవ్వూ వస్తోంది. ఆ రెండింటి కింద అదే పాత మంట మళ్లీ రాజుకుంది. మిషన్లో వాడే ముందుకు పోయాడు, పేరులో వాడే ముందుకు పోయాడు, సరే. చివరికి మనిషితనంలో కూడా వాడే ముందుకు పోవాలా!

"రేపు బోణీ నాకే అయితది, చూస్కో" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"కానియ్" అన్నాడు జకరయ్య. "జర చక్కెర ఎక్కువెయ్యమను."